పాయింట్ నాదే, సినిమా వాళ్లది

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. గోదావరి మీద లాంచీ నడిపే సరంగు, అదే రేవులో వంతెన కట్టడానికి ఇంజనీరుగా వచ్చిన అతని కొడుకు... ఇదీ నా కథ. ఆఖరి రోజున సరంగు కన్నకొడుకు దగ్గర కూడా టికెట్ డబ్బులు తీసుకుని చిల్లర లెక్కపెట్టి ఇస్తాడు. పోయినేడాది కృష్ణానగర్‌లో టీ తాగుతూ ఒక కో-డైరెక్టర్‌కి ఇదంతా చెప్పాను. ‘‘పాయింట్ బాగుంది, వాయిస్ మెసేజ్ పెట్టు’’ అంటే పెట్టాను. తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడు వాళ్ల సినిమా వచ్చింది. అందులోనూ వంతెన వల్ల బతుకుతెరువు పోయిన పడవవాడు ఉన్నాడు. నేను కథ ఎక్కడా రిజిస్టర్ చేయించలేదు. దొంగతనం కేసు పెట్టొచ్చా? (పేరు వేయొద్దు)

జవాబు: దొంగతనం కేసు కుదరదండీ. దొంగతనం గురించిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ చరాస్తి గురించి, అంటే ఎత్తుకుపోగల వస్తువు గురించి చెబుతుంది. పోయిన సొత్తు వివరాల్లో మీ సరంగుని స్టేషన్ రైటరు ఏమని రాసుకుంటాడు? మీ దారి 1957 నాటి కాపీరైట్ చట్టం. అది కూడా ఉత్త ఆలోచనకి కాపలా కాయదు. ఆలోచనని మీరు పాత్రలుగా, సన్నివేశాలుగా అల్లిన తీరుకి మాత్రమే కాస్తుంది.

మీ గోడే వెళ్లబోసుకుంటూ ఒక నాటక రచయిత సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆర్.జి. ఆనంద్ అనే ఆయన ‘హమ్ హిందుస్తానీ’ అని నాటకం రాశారు. ఢిల్లీలో పక్కపక్క ఇళ్లలో ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం, మధ్యలో పిల్లల ప్రేమ. దర్శకుడు మోహన్ సెహగల్‌కి స్వయంగా చదివి వినిపించారు కూడా. 1956లో కిశోర్ కుమార్, వైజయంతిమాలతో ‘న్యూ ఢిల్లీ’ సినిమా వచ్చింది. ఆనంద్ గారు కింది కోర్టులోనూ, హైకోర్టులోనూ, చివరికి 1978లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. ప్రాంతీయ దురభిమానం అన్న ఇతివృత్తం ఎవరి సొంతమూ కాదంది కోర్టు. సినిమాలో కట్నం గొడవలాంటివి, నాటకంలో లేనివి, చాలా ఉన్నాయంది. రెండూ చూసినవాడికి ‘ఇది దానికి నకలే’ అని అనుమానం లేకుండా అనిపించాలట. ఇప్పటికీ మన కోర్టులు పట్టుకునే కొలత అదే.

ఆనంద్ గారి మీద నాకు జాలే. కానీ తీర్పు సరైందే అంటాను. వంతెన వచ్చి పడవవాడి పొట్టకొట్టడం ఒక్కరి ఆస్తి అయితే గోదావరి జిల్లాల్లో ఇంకెవరూ కలం పట్టలేరు. కాబట్టి ఆ ‘పాయింట్’ని వదిలేయండి. నేను అడిగేది ఆ టికెట్ సీను గురించి. అది వంతెన కట్టిన ప్రతి ఊళ్లో జరిగేది కాదు, మీ బుర్రలో పుట్టింది. సినిమాలో అది ఉందో లేదో మీరు రాయలేదు. అదీ, తండ్రీకొడుకుల మధ్య వరసగా నడిచే మరికొన్ని ఘట్టాలూ తెర మీద కనిపిస్తే మీ మాటకి బరువు వస్తుంది. లేకపోతే నోటీసు ఖర్చు దండగ.

ఇంకో దారి ఉంది. ‘నమ్మి చెప్పిన విషయాన్ని నాకు తెలియకుండా వాడుకున్నారు’ అన్నది కాపీరైట్‌తో నిమిత్తం లేని వాదన. 2003లో జీ టెలీఫిల్మ్స్, సన్‌డయల్ కమ్యూనికేషన్స్ మధ్య కేసులో బాంబే హైకోర్టు దీన్ని ఒప్పుకుంది. సీరియల్ కోసం సన్‌డయల్ వాళ్లు చెప్పిన కాన్సెప్ట్‌ని జీ వాడకుండా ఆపింది. అయితే వాళ్ల దగ్గర కాగితాలున్నాయి, కాన్సెప్ట్ నోట్ ఉంది, రచయితల సంఘంలో చేసిన రిజిస్ట్రేషన్ ఉంది. మీ దగ్గర ఉన్నదల్లా ఆ వాయిస్ మెసేజ్. అందులో కథ ఎంత వివరంగా చెప్పారో అంతే మీ బలం. రెండు ముక్కల్లో తేల్చేసి ఉంటే టీ కొట్టు దగ్గర చెప్పిందంతా గాలికి పోయినట్టే. దాన్ని చెరపకండి, ఫోన్ అమ్మకండి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకి కావలసిన సర్టిఫికెట్ జత చేయాలి.

ఇప్పుడు పరిగెత్తి రిజిస్టర్ చేయిస్తే పడేది ఇవాళ్టి తేదీయే. నిజానికి కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కథ కాగితం మీద పెట్టిన క్షణమే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ సాక్ష్యంగా పనికొస్తుందంతే. కథని రిజిస్టర్డ్ పోస్టులో తమకే పంపుకుని కవరు విప్పకుండా దాచుకునేవాళ్లూ ఉన్నారు. అది తేదీకి ఒక ఆధారం కావచ్చేమో గానీ, హక్కు పత్రం కాదు. ఇక మీదట కథ చెప్పి వచ్చిన రోజు సాయంత్రమే ‘ఈ రోజు మీకు వినిపించిన కథ ఇదీ, సినిమా కోసమే చెప్పాను, వేరేవాళ్లకి చెప్పొద్దు’ అని పూర్తి కథతో మెయిల్ పెట్టండి. కొత్తవాడు అగ్రిమెంటు మీద సంతకం అడిగితే నిర్మాత నవ్వుతాడు. మెయిల్‌కి ఎవరూ నవ్వరు.

దావా వేయడానికి మూడేళ్ల గడువుంది. కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ దావాని మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. ఈలోగా ఫేస్‌బుక్‌లో ఆ దర్శకుడి పేరు పెట్టి ‘దొంగ’ అని మాత్రం రాయకండి. మీ కేసు మొదలవకముందే వాళ్లు పరువునష్టం కేసు వేస్తారు.