శ్లోకం సంగతి తరువాత, ముందు తెనాలి బస్సెక్కండి

నాలుగున్నరేళ్ళ బాబును ఆన్‌లైన్ శ్లోకాల క్లాసులో చేర్పించారు. పదకొండు శ్లోకాలు వచ్చాయి. పదిహేను రోజులుగా మాత్రం ఫోను తెరవగానే చెవులు మూసుకుని ఏడుస్తున్నాడు. మొన్న స్నానాల గదిలో జారిపడి, ‘ఇవాళ శ్లోకం చెప్పలేదని దేవుడు తోసేశాడా?’ అని అడిగాడు. పిల్లలకు భక్తి ఏ వయసులో మొదలుపెట్టాలి, ముందు ఏ శ్లోకం నేర్పాలి, టీచరును మార్చాలా అని మీ ప్రశ్న.

క్లాసు మాన్పించండి. ఏ శ్లోకం ముందో నన్ను అడగకండి. ఆ వయసులో శ్లోకమైనా కాకి పాటైనా నోటికి ఒకటే.

జారిపడ్డ సంగతిని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే 1932లో అచ్చయిన తన పుస్తకంలో, పిల్లలకు చెప్పిన ఒక కథ రాశాడు. తోటలో యాపిల్ పళ్ళు దొంగిలించిన పిల్లవాడు పారిపోతూ పుచ్చిపోయిన వంతెన ఎక్కుతాడు. అది విరిగి నీళ్ళలో పడతాడు. దొంగతనం చేయకుండా అదే వంతెన ఎక్కినా పడేవాడా అని అడిగితే, ఆరేళ్ళవాళ్ళలో చాలామంది పడేవాడు కాదన్నారు. వంతెనకు కూడా వాడి తప్పు తెలుసన్నమాట! మీ వాడికి స్నానాల గది గచ్చూ అంతే. పైగా ‘చెప్పకపోతే దేవుడికి కోపం వస్తుంది’ అన్నది మీరేనని మీరే రాశారు. ఆ మాట ఇవాళే వెనక్కి తీసుకోండి. ‘నేల తడిగా ఉంది నాన్నా, అందుకే జారావు. దేవుడు తోయలేదు, అమ్మే తప్పు చెప్పింది’ అంటే చాలు.

ఇక అసలు విషయం. ఉత్తరం చివర రెండు వాక్యాల్లో దాటేశారు. రెండేళ్ళు మీ అత్తగారు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని దీపం పెట్టేవారట. పోయిన కార్తికంలో తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేయిస్తే వాడికి జ్వరం వచ్చింది. ‘మీ చాదస్తానికి నా బిడ్డను బలి చేస్తారా’ అని వాడి ముందే అన్నారు. ఆవిడ మర్నాడే తెనాలి వెళ్ళిపోయారు. ‘ఆ చాదస్తం అంటకుండా పద్ధతిగా నేర్పించాలని’ మీరు క్లాసు వెతికారు.

పద్ధతిగా! వాడు వత్తులు చేసేవాడని కూడా మీరే రాశారు కదా. మా అమ్మమ్మ నాకు ఒక్క శ్లోకం కూర్చోబెట్టి నేర్పలేదు. కార్తిక పౌర్ణమికి మూడు వందల అరవై ఐదు వత్తులు లెక్కపెడుతూ, వేళ్ళకు విభూతి అద్దుకుని దూదిని పురిపెట్టేది. నేను చేసినవి ఒకవైపు లావు, ఒకవైపు సన్నం. వాటినీ కట్టలో కలిపేసేది. నా వంకర వత్తులు కూడా వెలిగాయి. నాకు దేవుడి గురించి తెలిసింది అక్కడే, ఆ తరువాత చదివినదంతా దాని మీద పెట్టుకున్నదే.

మీ వాడికి అలాంటి మనిషి ఉంది. ఆ మనిషిని ఒక్క మాటతో పంపేసి, ఆ చోటులో ఫోను పెట్టారు. వాడు చెవులు మూసుకుంటున్నది శ్లోకానికి కాదని నాకనిపిస్తోంది. నానమ్మ ఎందుకు వెళ్ళిందని వాడు ఎన్నిసార్లు అడిగాడో మీరు రాయలేదు. అడగకుండా ఉండడు.

అత్తగారు చేసినది ఒప్పని అనను. నాలుగేళ్ళవాడికి చన్నీళ్ళ స్నానం పుణ్యమేమీ కాదు. కోప్పడవలసిన సందర్భమే, కాని ఆ మాట అనవలసినది కాదు. పెద్దావిడ కొడుకు ఇంట్లోంచి మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతుంటే, మీ వారు ‘మీరిద్దరూ చూసుకోండి’ అన్నారట. ఆయనకు వేరే ఉత్తరం రాయాలి. తల్లిని బస్టాండు దాకా దించి వచ్చి టీవీ పెట్టుకున్న కొడుకు మీద నాకు సదభిప్రాయం లేదు. అయినా ఆయన కదిలేదాకా మీరు ఆగవద్దు, మాట అన్నది మీరు.

ఫోనులో కాదు, ఈ ఆదివారం వాణ్ణి తీసుకుని తెనాలి వెళ్ళండి. శ్లోకాల పుస్తకం ఇంట్లోనే వదిలేయండి, కాస్త దూది పట్టుకెళ్ళండి. ‘పిల్లాడి ముందు ఆ మాట అనకూడదు అత్తయ్యా, తప్పు నాదే’ అని వాడి ముందే చెప్పండి. వెంటనే వచ్చేయమని ఒత్తిడి చేయకండి, ఆవిడకూ అభిమానం ఉంటుంది. వస్తానంటే మాత్రం వేన్నీళ్ళ సంగతి అప్పుడే తేల్చుకోండి.