పానగల్ పార్కులో కెమెరా పట్టబోతున్న మేనకోడలికి

సాలిగ్రామం, చెన్నై

అమ్మలూ,

మామయ్య ఆశీస్సులు. ఈ సెలవుల్లో నువ్వు రోజూ పానగల్ పార్కుకు వెళ్ళి, అక్కడికొచ్చే వాళ్ళ ఫొటోలు తీస్తానన్నావట. మీ అమ్మ ఫోన్ చేసింది. "ఊళ్ళో ఇన్ని గుళ్ళుండగా, బీచి ఉండగా, ఆ బెంచీల మీద కూర్చునే వాళ్ళ ఫొటోలేమిటన్నయ్యా, నువ్వైనా చెప్పు" అంది. సరేనన్నాను గానీ, వద్దని చెప్పడానికి నాకు నోరు రాదు. మనింట్లో నా తరవాత కెమెరా పట్టింది నువ్వొక్కదానివే. పైకి అంటే మీ అమ్మ నా మీద పడుతుందని ఊరుకున్నాను. అయినా రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను. చివరిదాకా చదువు.

చిల్లర సంగతులు ముందు. పొద్దున్నే వెళ్ళు, లేదా నాలుగు దాటాక వెళ్ళు. మిట్టమధ్యాహ్నం ఆ చెట్ల కింద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది, మొహాలన్నీ మచ్చలొస్తాయి. తెల్లచొక్కా మనిషి ఎదురైతే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించు, లేకపోతే చొక్కా సున్నం కొట్టినట్టు వస్తుంది. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా తీయకు, లెన్సు మీద ఆవిరి పడుతుంది. చెన్నై గాలికి లెన్సులో ఫంగస్ కూడా వస్తుంది, డబ్బాలో సిలికా జెల్ వేసి మూత గట్టిగా పెట్టు. ట్రైపాడ్ ఇంట్లోనే వదిలెయ్. అది కనిపిస్తే వాచ్‌మన్ సినిమా షూటింగనుకుని పర్మిషన్ కాగితం అడుగుతాడు. దీపావళి ముందు, జనం కిటకిటలాడే ఆ రంగనాథన్ స్ట్రీట్ బజారు వైపు వెళ్ళాల్సొస్తే బ్యాగు ముందుకు వేసుకో. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి, నా తృప్తి కోసం రాశాను.

జూమ్ లెన్సు మాత్రం తీసుకెళ్ళకు. చెట్టు చాటు నుంచి జనాన్ని దగ్గరికి లాక్కునే అలవాటు ఒకసారి అబ్బితే పోదు. ముప్ఫై ఐదో, యాభయ్యో ఎం.ఎం. లెన్సు పెట్టుకుని మనిషి దగ్గరికి నడిచి వెళ్ళు. మా రోజుల్లో యాషికా మ్యాట్ కెమెరాకు ఒక సుఖం ఉండేది. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైన ఉన్న అద్దంలోకి చూసేవాళ్ళం. ఎదుటి మనిషి కళ్ళలోకి కెమెరా గుచ్చినట్టుండదు, మనమే అతనికి దణ్ణం పెడుతున్నట్టుంటుంది. కాకపోతే అద్దంలో కుడి ఎడమలు తారుమారు. ఒక్క ఓర్వో ఫిల్ము రోలుకి పన్నెండే ఫొటోలు, చెయ్యి ఊరికే బటన్ మీదకు పోయేది కాదు. నీ ఫోన్‌కి లెక్కేముంది!

ఆ పార్కు సంగతి నీకెంత తెలుసో నాకు తెలియదు. 1920ల్లో మాంబళం చెరువు పూడ్చి, ఆ పార్కున్న త్యాగరాయనగర్ కట్టారు. ఊరి పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, పార్కు పేరు పానగల్ రాజా పానగంటి రామరాయణింగారిది. ఆయన 1921 నుంచి 1926 దాకా మదరాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి. ఇద్దరూ తెలుగువాళ్ళే. రాజావారి విగ్రహం లోపలే ఉంది, ఎలాగూ తీస్తావు, అందరూ తీస్తారు. మాకు మాత్రం ఆ పార్కంటే తెలుగు సినిమా వెయిటింగ్ రూము. తెనాలి, ఏలూరు, రాజమండ్రి రైళ్ళు దిగినవాళ్ళు ఎక్కడెక్కడి గదుల్లో పడుకున్నా, పొద్దెక్కేసరికి అక్కడికి చేరేవాళ్ళు. ఉన్న ఒక్క మంచి చొక్కా, అదీ కాలర్ చిరిగితే తిరగేయించి కుట్టించుకున్నది. ప్యాంటుకు మట్టి అంటకుండా బెంచీ మీద పేపరు పరిచి కూర్చునేవాళ్ళు. ఏ ప్రొడక్షన్ మేనేజరో అటు వస్తాడని, కంపెనీ కారు ఆగుతుందని చూపంతా గేటు మీదే. పేపరు మడత నలక్కుండా మళ్ళీ రేపటికి దాచుకునేవాడొకడుండేవాడు, ఇప్పటికీ కళ్ళ ముందున్నాడు.

ఇప్పుడు నిజంగా చెప్పాల్సింది చెబుతాను. డెబ్భైల చివర, ఇండస్ట్రీ హైదరాబాద్‌కు మూటాముల్లె సర్దుకుంటున్న రోజులు. నా గదిలో, నాలాగే సినిమా సెట్లలో ఫొటోలు తీసే ఇంకో స్టిల్స్ అసిస్టెంటు ఉండేవాడు. మంచి కన్ను. నాకంటే మంచి కన్నని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఒక మధ్యాహ్నం పార్కులో ఒకాయన బెంచీ మీద నిద్రపోతుంటే తీశాడు. చెప్పులు తల కింద పెట్టుకున్నాడు, సగం మొహం మీద పేపరు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, గడ్డం కింద ఆకుల నీడ. ప్రింటు చూస్తే ఎవరికైనా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండేది. మావాడు దాన్ని ఒక వారపత్రికకిచ్చాడు. పేరు తెలియదు, ఊరు తెలియదు, వివరాలేమీ రాసివ్వలేదు. పత్రికవాళ్ళే ఫొటో కింద రాసుకున్నారు: సినిమా పిచ్చితో ఇల్లు వదిలొచ్చి, వేషాల్లేక పార్కే ఇల్లు చేసుకున్నవాడని.

ఆయనకు వేషాలున్నాయమ్మా. చిన్నవే, కానిస్టేబులు, కాంపౌండరు, పెళ్ళిలో పెద్దమనిషి. ముందు రాత్రంతా షూటింగులో ఉన్నాడు. గదిలో ఆరుగురు వంతులవారీగా పడుకునేవాళ్ళు, ఆయన వంతు సాయంత్రానికి. అందుకని పార్కులో ఒరిగాడు. ఆ పత్రిక ఆయన అత్తగారి ఊరు చేరింది. అల్లుడు మదరాసులో యాక్టరని చెప్పుకుంటున్న మావగారు కిళ్ళీకొట్టు దగ్గర నలుగురి మధ్య చూశాడు. ఆ తరవాత ఇంట్లో ఏం జరిగిందో మాకు పూర్తిగా తెలియదు. మావాడు వెతుక్కుంటూ వెళ్ళి కాళ్ళ మీద పడ్డంత పని చేస్తే, "నన్ను లేపుంటే తల దువ్వుకుని కూర్చునేవాణ్ణి కదయ్యా" అన్నాడట ఆయన, అంతే. తిట్టలేదు. పార్కుకు రావడం మానేశాడు. సెట్లో మాత్రం అప్పుడప్పుడు కనిపించేవాడు. నేను స్టిల్ కోసం కెమెరా ఎత్తగానే వెనక వరసలోకి జరిగిపోయేవాడు. ఫొటోలో పడితేనే నాలుగు వేషాలొచ్చే మనిషి!

దీన్నిబట్టి నిద్రపోయేవాళ్ళ ఫొటో తీయకూడదని నేననను. అడిగి తీస్తే ప్రతివాడూ రేషన్ కార్డు ఫొటోకి నిలబడినట్టు బిగుసుకుంటాడు, అదీ నిజమే. తియ్యి. తీశాక వెళ్ళి చూపించు, కూర్చో, మాట్లాడు. వద్దంటే అక్కడే డిలీట్ చెయ్. ఆ మాట జరక్కుండా ఏ ఫొటో నీ ఫోన్ దాటకూడదు. మేం స్టిల్స్ తీసినవాళ్ళకు ఈ బాధ లేదు. అక్కడ ఎదుటివాడు డబ్బు పుచ్చుకుని, మేకప్ వేసుకుని ఫొటో కోసమే నిలబడతాడు. పార్కులో ఎవరూ నీకోసం రాలేదు. ఆ పత్రిక ఊరు చేరడానికి వారం పట్టింది. నువ్వు ఇన్‌స్టాలో పెడితే ఆ మనిషి బస్సెక్కే లోపే వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. కెమెరాలో లొకేషన్ కూడా ఆపెయ్.

ఇప్పుడు వేషాల కోసం వచ్చేవాళ్ళు లేరు కానీ, దాక్కోవడానికి వచ్చేవాళ్ళున్నారు. బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలను గమనించు. రోజంతా నిలబడే ఉద్యోగం. కుర్చీ వెయ్యాలని 2021లో తమిళనాడు ప్రభుత్వం చట్టం తెచ్చిందంటే ఆలోచించు. వాళ్ళు పార్కులో కాళ్ళు చాపుకుని కూర్చుంటే మంచి ఫొటో వస్తుంది, నాకు తెలుసు. కానీ యూనిఫాం చీర చూస్తే ఏ షాపో ఇట్టే తెలిసిపోతుంది. సూపర్‌వైజరు చూస్తే మాట పడేది ఆ పిల్లే. మొహం, చీర రెండూ కలిసి రాకుండా చూసుకో, కాళ్ళొక్కటే తీసినా చాలు. జంటల వైపు అసలు తిప్పకు. ఇందులో వాదన వద్దు. పిల్లలైతే తల్లిని అడిగాకే.

పూలదండల వాళ్ళ దగ్గర ఎక్కువసేపు కూర్చో. వాళ్ళకు తొందరుండదు, సిగ్గూ ఉండదు. తడిపిన అరటినార ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, పూలు జతగా పెట్టి, కుడిచేత్తో ఒక చుట్టు, ఒక ముడి. చూస్తుండగానే మూర అయిపోతుంది. మొహం కోసం తాపత్రయపడకు, ముడి పడే క్షణం పట్టుకో, షట్టర్ స్పీడు బాగా పెంచు. "ఒరు ఫొటో ఎడుక్కలామా" అని అడిగితే చాలు. ఒక్కోసారి జవాబు తెలుగులో వస్తుంది, ఆశ్చర్యపోకు. మెహందీ పెట్టేవాళ్ళతో మాత్రం బేరం లేని వేళ చూసి మాట్లాడు. గిరాకీ చెడగొడితే మర్నాడు నిన్ను రానివ్వరు.

లైట్‌హౌస్ నుంచి పూనమల్లికి వేసే మెట్రో కోసం పార్కులో కొంత స్థలం తీసుకున్నారు. ఆ పనికి అడ్డంగా కట్టిన రేకులు ఫ్రేములోకి వస్తున్నాయని విసుక్కుంటావేమో, వాటినీ తియ్యి. సెంట్రల్ స్టేషన్ పక్కనుండే పాత మూర్ మార్కెట్ 1985లో తగలబడ్డాక గానీ, దాని ఫొటోలెవరి దగ్గరున్నాయా అని ఊరంతా వెతకలేదు.

ఒక చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకో. ఫొటో నంబరు, పేరు, ఏం పని, ఇంకోసారి ఎప్పుడొస్తారు, వాళ్ళు చెప్పిన మాట చెప్పినట్టే. ఫొటో కింద వాక్యం నువ్వే రాయి, ఎవరినీ రాయనివ్వకు. ప్రింట్లు వేయించి ఇవ్వడం మరవకు. ఫోన్‌లో పంపితే సరిపోతుందనకు, కాగితం ఇస్తే వాళ్ళ మొహం ఎలా ఉంటుందో చూద్దువుగాని. డబ్బులకు మీ అమ్మనడక్కు, నన్నడుగు.

యాషికా బీరువాలోనే ఉంది. షట్టర్ స్లో స్పీడ్లు కాస్త అంటుకుంటున్నాయి, ముప్ఫైకి (సెకనులో ముప్ఫయ్యో వంతుకి) కింద పెట్టకు. ఆదివారం భోజనానికి రా, అత్తయ్య గోంగూర చేస్తానంది. రోలు ఎక్కించడం చూపిస్తాను. నేను చూపించేదాకా నువ్వు సొంతంగా తెరవకు, వెనక తలుపు గొళ్ళెం ఊడేలా ఉంది.

మీ మామయ్య