టేకులో బిట్టు జారిపోతోందన్న తమ్ముడికి

తమ్ముడూ, పర్లాకిమిడిలో కొన్న చవక డ్రిల్ బిట్ల సెట్టుతో టేకులో కన్నం పెడితే పక్కకి జారుతోంది, పొగొస్తోంది అన్నావు కదా, ఫొటో చూశాను, కొన మీద వెడల్పుగా బిళ్ల అతికించి ఉంది, అది గోడకి వాడే బిట్టు, చెక్కని కొయ్యదు, రుద్దుతుంది అంతే. చెక్కకి బ్రాడ్ పాయింట్ అని అడుగు. మధ్యలో సూదిలాంటి ముల్లు, అంచుల్లో రెండు చిన్న కోరలు ఉంటాయి, ముల్లు గుర్తు మీద కూర్చుంటే ఇంక జారదు, కోరలు ముందే నారని కోసేస్తాయి కాబట్టి కన్నం అంచు లేవదు.

కొట్లోనే అద్దం బల్ల మీద దొర్లించి చూడు, కొన ఊగిందంటే వంకర, వద్దని చెప్పేయ్. కోరలు ఎగుడుదిగుడుగా ఉన్నా వద్దు. బంగారు రంగు చూసి మోసపోకు, అది పైపూతే. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) అయితే వేడి తట్టుకుంటుంది, మామూలు కార్బన్ స్టీలు ఒకసారి నీలం రంగు తిరిగిందంటే పదును నిలవదు.

వంద ముక్కల సెట్టు అస్సలు వద్దు, ఆ డబ్బుతో నీకు రోజూ పడే 4, 6, 8 ఎంఎం విడిగా మంచివి తీసుకో, సన్న స్క్రూ కన్నాలకి ఇనుముకి వాడే హెచ్‌ఎస్‌ఎస్ బిట్టే చాలు. ఇంటికొచ్చి పనికిరాని ముక్క మీద ఒకటి వేసి చూడు, పొట్టు చుట్టలుగా వస్తే పదునున్నట్టు, పొడిగా రాలితే లేనట్టే. టేకులో సిలికా ఉంటుంది, పదును తొందరగా తినేస్తుంది. లోతు కన్నమైతే మధ్యమధ్యలో బిట్టు బయటికి లాగి పొట్టు దులుపు, లేకపోతే మంచి బిట్టూ మాడుతుంది. మిషను రివర్సులో లేదు కదా, అదీ ఓసారి చూసుకో.