ముస్కాదే వైన్‌ను చేపల పులుసుతో తాగవచ్చా?

ఫ్రాన్స్ నుంచి వచ్చిన బంధువులు ముస్కాదే అనే తెల్ల వైన్ సీసాలు రెండు ఇచ్చారనీ, ఒకటి తెరిచి తాగితే నిమ్మచెక్క పిండిన నీళ్లలా అనిపించిందనీ, రెండోది చేపల పులుసుతో బాగుంటుందా అనీ మీరు అడిగారు. పులుసుతో వద్దు. ఎందుకో చెప్పే ముందు, మొదటిసారి తాగినప్పుడు నా అభిప్రాయం కూడా మీలాగే ఉండేదని ఒప్పుకుంటాను.

నేను ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో రెండేళ్లు చదువుకున్నాను. లువార్ నది అట్లాంటిక్ సముద్రంలో కలిసే చోటికి సుమారు 50 కిలోమీటర్ల ఎగువన ఉన్న ఊరది. దానికి ఆగ్నేయంగా, సేవ్ర్, మేన్ అనే రెండు చిన్న నదుల చుట్టుపక్కల ఉన్న ద్రాక్షతోటల్లో ఈ వైన్ ఎక్కువగా తయారవుతుంది. అక్కడికి వెళ్లిన మొదటి నెలలో అన్నిటికంటే చవకైన సీసా ఒకటి కొని, ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి, పక్కన తినడానికి ఏమీ లేకుండా గదిలో ఒక్కడినే కూర్చుని తాగి, ఇంతేనా అనుకున్నాను. కొన్ని వారాల తర్వాత తోటి విద్యార్థి ఇంట్లో ఆదివారం భోజనానికి పిలిచారు. వాళ్ల అమ్మగారు పచ్చి ఆయిస్టర్ల చిప్పలు తెరిచి, ఉప్పు వెన్న రాసిన రొట్టెతో పాటు ఇదే వైన్ పోశారు. సముద్రపు నీటి ఉప్పదనం నాలుక మీద ఉండగా ఒక గుక్క తాగితే, గదిలో పేలవంగా తోచిన ఆ పులుపే ఆయిస్టర్‌లోని తీపిని పైకి తెచ్చింది. పచ్చి ఆయిస్టర్ తినడానికి నాకు కొంత ధైర్యం కావలసి వచ్చిందన్నది వేరే సంగతి.

పేరు చూసి మస్కట్ ద్రాక్ష పరిమళాన్ని ఆశించి ఉంటే మీ నిరాశ సహజమే. ఇందులో వాడేది మెలోన్ ద బుర్గోన్ అనే వేరే రకం ద్రాక్ష. దీనికి సొంత సువాసన చాలా తక్కువ. 1709 నాటి భయంకరమైన చలికాలంలో ఆ ప్రాంతపు తోటలు చాలావరకు నాశనమైన తర్వాత, చలికి తట్టుకుంటుందని ఈ రకాన్ని విస్తారంగా నాటారు. బ్రాందీ కాచడానికి ఘాటైన రుచిలేని తెల్ల వైన్‌ను కొనే డచ్ వర్తకులకు కూడా ఇది సరిపోయింది.

అలాంటి ద్రాక్షకు రుచిని చేకూర్చేది మడ్డి. పులియడం పూర్తయ్యాక పీపా అడుగున పేరుకునే ఈస్ట్ మడ్డిని తీసివేయకుండా, చలికాలమంతా వైన్‌ను దానిమీదే ఉంచి, వసంతం వచ్చాక నేరుగా సీసాల్లోకి పడతారు. సీసా మీద ‘సుర్ లీ’ అని రాసి ఉంటే అర్థం అదే. దానివల్ల పులుపు వెనక కొంత చిక్కదనం, పులిసిన పిండిని తలపించే వాసన, కొన్నిసార్లు నాలుక మీద చిన్న చురుకు వస్తాయి. 2011లో క్లిసోన్, గోర్జ్, ల పాలే అనే గ్రామాల పేర్లను లేబుల్ మీద వేసుకోవడానికి అధికారికంగా అనుమతి లభించింది. ఈ వైన్లను ఏడాదిన్నరకు తగ్గకుండా మడ్డి మీద ఉంచుతారు. ఇవి బరువైనవి, దాచుకున్నా చెడవు. నా మటుకు నాకు క్లిసోన్ వైన్ ఒక్కటే ఆహారం తోడు లేకుండా తాగబుద్ధి అవుతుంది.

నాంత్‌లో ఆయిస్టర్ల తర్వాత దీనికి జోడీగా ఎక్కువగా వినిపించేది బర్ బ్లాన్. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలను వెనిగర్‌లో, ఇదే వైన్‌లో ఇగరబెట్టి, అందులో చల్లటి వెన్నను కొద్దికొద్దిగా కలిపి చేసే సాస్ అది. లువార్ నదిలో దొరికే చేపలను ఉడికించి దానితో వడ్డిస్తారు. అంత వెన్న తిన్నాక నోరు శుభ్రం కావాలంటే ఇలాంటి పుల్లటి వైన్ ఉండాల్సిందే.

ఇక పులుసు విషయం. మా గదిలో ఒకసారి చింతపండు, కారం దండిగా వేసి చేపల పులుసు చేసుకుని ఇదే సీసా తెరిచాం. చింతపండు పులుపు ముందు వైన్ పులుపు ఆనలేదు, కారం మాత్రం ఇంకా మండింది. మరో వారం అదే చేపను ఉప్పు, పసుపు, మిరియాలు పట్టించి వేయించి, పైన నిమ్మరసం పిండితే చక్కగా కుదిరింది. వెల్లుల్లితో, కారం లేకుండా వేయించిన రొయ్యలు ఇంకా బాగున్నాయి.

మీ రెండో సీసాను తినడానికి పావుగంట ముందు ఫ్రిజ్‌లోంచి తీయండి, ఎందుకంటే మరీ చల్లగా ఉంటే ఉన్న కాస్త రుచీ తెలియదు. లేబుల్ మీద గ్రామం పేరు లేకపోతే ఏళ్ల తరబడి దాచవద్దు, ఈ ఏడాదే తాగేయండి.