లామినిన్ యాంటీబాడీ: సీసా మీది పేరు, స్లైడు మీది గీత

ప్రశ్న: చిట్టెలుక మూత్రపిండంలో లామినిన్‌ను (కణాల కింది పలుచని పొరలో ఉండే ప్రొటీన్‌ను) చూడటానికి కుందేలులో తయారైన పాలీక్లోనల్ యాంటీబాడీని (ఒకే ప్రొటీన్‌లోని వేర్వేరు చోట్లను పట్టుకునే యాంటీబాడీల మిశ్రమాన్ని) వాడుతున్నాను. ఫ్రోజెన్ సెక్షన్లలో నాళికల చుట్టూ గీత చక్కగా వస్తోంది. అదే యాంటీబాడీని పారాఫిన్ సెక్షన్ల మీద వేస్తే, సిట్రేట్ బఫర్‌లో 20 నిమిషాలు వేడి చేసినా గీత రావడం లేదు. కణాల లోపల మాత్రం లేత గోధుమరంగు కనిపిస్తోంది. యాంటీబాడీ పాడైందని మా గైడుగారు, సెక్షన్ కోత బాగాలేదని తోటివారు అంటున్నారు. ఏది నిజం?
– ఒక పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: రెండూ కాకపోవచ్చు. ఫ్రోజెన్ సెక్షన్ మీద గీత వస్తున్నదంటే యాంటీబాడీ బాగున్నట్టే. కోత బాగాలేకపోతే కణజాలం ముడతలు పడుతుంది, చిరుగుతుంది; అంతే కాని గీత ఒక్కటే మాయం కాదు. నా అనుమానమంతా, పారాఫిన్ దిమ్మె చేసే ముందు కణజాలాన్ని ఉంచే ఫార్మలిన్ మీదే.

ఉపకళా కణాలు ఆనుకొని కూర్చునే, కండర కణాలనూ కేశనాళికలనూ చుట్టి ఉండే పలుచని పొరను ఆధార త్వచం అంటాం. చాలా చోట్ల దాని మందం 100 నానోమీటర్ల లోపే ఉంటుంది. మామూలు సూక్ష్మదర్శిని విడదీసి చూపగలిగే దూరమే సుమారు 200 నానోమీటర్లు కాబట్టి, మీకు కనిపించే గీత అసలు పొర కంటే లావుగా కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. అంత సన్నని పొరలో లామినిన్, నాలుగో రకం కొల్లాజెన్, నిడోజెన్, పెర్లెకాన్ అనే ప్రొటీన్లు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. ఫార్మలిన్ చేసే పని పక్కపక్కనున్న ప్రొటీన్ల మధ్య వంతెనలు కట్టడం. ప్రొటీన్లు ఎంత దగ్గరగా ఉంటే ఆ బంధనం అంత బిగుసుకుంటుంది. యాంటీబాడీ పట్టుకోవలసిన చోటు అందులో కప్పబడిపోతుంది. కేంద్రకంలో ఉండే ఎన్నో ప్రొటీన్లకు 1991లో ప్రచారంలోకి వచ్చిన వేడి పద్ధతి చక్కగా సరిపోతుంది. ఆధార త్వచం విషయంలో మాత్రం చాలాసార్లు అంతకు ముందు నుంచీ ఉన్న పాత పద్ధతే గెలుస్తుంది: పెప్సిన్‌తోనో, ప్రొటీనేజ్ కె తోనో కొద్దిసేపు జీర్ణం చేయడం.

ప్రొటీనేజ్ కె అయితే మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాముల గాఢతతో మొదలుపెట్టి, ఒకే దిమ్మె నుంచి కోసిన నాలుగు స్లైడులను 0, 5, 10, 20 నిమిషాలు ఉంచి పోల్చి చూడండి. ఎంతసేపు అన్నది ఆ కణజాలం ఫార్మలిన్‌లో ఎన్ని గంటలు ఉందన్న దాన్ని బట్టి మారుతుంది కాబట్టి, మరొకరి ప్రోటోకాల్‌లోని నిమిషాలను కళ్ళు మూసుకొని తీసుకోవద్దు. ఎక్కువైతే ఏమవుతుందో నాకు అనుభవమే. ఒకసారి స్లైడులను ఎంజైములో ఉంచి భోజనానికి వెళ్ళి, అరగంట దాటాక వచ్చి చూస్తే, కణజాలం గాజు మీద నుంచి ఊడి జాడీ అడుగున మేఘంలా తేలుతోంది. స్లైడు మీద నేను గీసిన మైనపు పెన్ను గుండ్రం ఒక్కటే మిగిలింది.

ఇక కణాల లోపలి లేత గోధుమరంగు సంగతి. మూత్రపిండ నాళికల కణాల్లో సహజంగానే బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ; వేడి చేస్తే అది మరింత బయటపడుతుంది. మీ కిట్టు బయోటిన్‌ను పట్టుకొని రంగు చూపే అవిడిన్-బయోటిన్ పద్ధతిదైతే ఆ రంగు లామినిన్‌ది కాదు, బయోటిన్‌ది. ప్రైమరీ యాంటీబాడీ (ఇక్కడ లామినిన్ యాంటీబాడీ) వేయని స్లైడు మీద కూడా అదే రంగు వస్తే అనుమానం తీరిపోతుంది. అప్పుడు బయోటిన్ లేని పాలిమర్ పద్ధతికి మారడం సులువు. పనిచేసిందా లేదా అని తేల్చుకోవడానికి నాళికల వైపు కాక, అదే సెక్షన్‌లోని చిన్న రక్తనాళాల వైపు చూడండి. వాటి గోడలో ప్రతి నున్నని కండర కణం చుట్టూ ఉంగరంలా గీత రావాలి. అక్కడ రాకపోతే మరెక్కడా నమ్మవద్దు.

మీరు అడగకపోయినా ఒక మాట. సీసా మీద ‘లామినిన్’ అని ఉన్నంత మాత్రాన అది ఏ లామినిన్ అన్నది తేలదు. 1979లో రూపర్ట్ టింపుల్, అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన జార్జ్ మార్టిన్ బృందం కలిసి, ఇ.హెచ్.ఎస్. అని పిలిచే చిట్టెలుక కణితి నుంచి ఈ ప్రొటీన్‌ను వేరుచేశారు. మార్కెట్లోని చాలా పాలీక్లోనల్ యాంటీబాడీలను ఇప్పటికీ ఆ కణితి లామినిన్‌తోనే తయారుచేస్తారు. అందులో ఆల్ఫా 1, బీటా 1, గామా 1 అనే మూడు గొలుసులు ఉంటాయి. గామా 1 చాలా రకాల లామినిన్లలో ఉమ్మడిగా ఉంటుంది కాబట్టి ఇలాంటి యాంటీబాడీ దాదాపు అన్ని ఆధార త్వచాలనూ చూపిస్తుంది. ఆల్ఫా 1కి మాత్రమే తగిలే మోనోక్లోనల్‌ను (ఒకే చోటును పట్టుకునే ఒకే రకం యాంటీబాడీని) వాడితే, ఎదిగిన జంతువు గ్లోమెరులస్‌లోని (మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే కేశనాళికల ముద్దలోని) వడపోత పొర మీద గీత రాదు, ఎందుకంటే అక్కడ ఉండేది ఆల్ఫా 5, బీటా 2, గామా 1 కలయిక. పైగా శుద్ధి చేసేటప్పుడు నిడోజెన్ లామినిన్‌ను అంటుకొనే వస్తుంది. కొన్ని పాలీక్లోనల్ సీరమ్‌లలో దానికి తగిలే యాంటీబాడీలు కూడా కలిసి ఉంటాయి.

ప్రశ్న: సంవర్ధనం చేసిన కణాలను రిపా బఫర్‌లో కరిగించి, 10 శాతం జెల్ మీద వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను బరువును బట్టి జెల్‌లో విడదీసి, పొర మీదికి మార్చి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చేస్తే లామినిన్ బ్యాండు రావడం లేదు. ఎందుకు?
– ఎమ్మెస్సీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఆల్ఫా 1 గొలుసు బరువు సుమారు 400 కిలోడాల్టన్లు, మిగతా రెండూ ఒక్కొక్కటి 200 పైచిలుకు. మూడూ డైసల్ఫైడ్ బంధాలతో కలిసి శిలువ ఆకారంలో ఉంటాయి. బంధాలు విప్పకపోతే ఆ అణువు జెల్ బావి దాటి రాదు. విప్పినా 10 శాతం జెల్‌లో దానికి దారి దొరకదు. 5 శాతం జెల్ వాడి, ట్రాన్స్‌ఫర్‌ను రాత్రంతా చల్లని గదిలో, మెథనాల్ తగ్గించి చేయండి. అంతకంటే ముఖ్యం, కణాల బయట అల్లుకున్న లామినిన్ రిపాలో సరిగా కరగదు; సెంట్రిఫ్యూజ్ చేశాక మీరు పారేస్తున్న మడ్డిలోనే అది ఉండవచ్చు, కొంత సంవర్ధన ద్రవంలోకి పోయి ఉండవచ్చు. రెండింటినీ దాచి పరీక్షించండి. సరిచూసుకోవడానికి, ఆ ఇ.హెచ్.ఎస్. కణితి నుంచే తీసే మాట్రిజెల్ అనే జిగురు కాస్త చాలు, అందులో అత్యధిక భాగం లామినినే. అయితే కణాలనే మాట్రిజెల్ మీద పెంచి ఉంటే, వచ్చిన బ్యాండు ఎవరిదో చెప్పలేం.

కొన్ని మోనోక్లోనల్‌లు ప్రొటీన్ ఆకారం చెక్కుచెదరకుండా ఉంటేనే పట్టుకుంటాయి. మానవ నాలుగో రకం కొల్లాజెన్‌కు వాడే ఎం3ఎఫ్7 అలాంటిదే. మూడు పోగుల పేట విడిపోతే అది గుర్తించదు. మరిగించిన నమూనా మీద దాన్ని వేసి రాలేదనుకోవడం వృథా.

ప్రశ్న: మా దగ్గరున్న నాలుగో రకం కొల్లాజెన్ యాంటీబాడీ సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అని ఉంది. చర్మం బయాప్సీలో ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ (వంశపారంపర్యంగా వచ్చే మూత్రపిండ వ్యాధి) చూడటానికి దీన్ని వాడవచ్చా?
– ఆసుపత్రి ల్యాబ్ సాంకేతిక నిపుణుడు, కరీంనగర్

జవాబు: రోగికి ఇచ్చే రిపోర్టు కోసం వాడకూడదు. మన దేశంలో రోగనిర్ధారణ రియేజెంట్లు 2017 నాటి వైద్య పరికరాల నియమాల కిందికి వస్తాయి. ఆ ముద్ర ఉన్న సీసాను రోగనిర్ధారణ కోసం అమ్మడం లేదు. ఇక్కడ ప్రమాదం కూడా మామూలుది కాదు. ఈ పరీక్షలో గీత లేకపోవడమే ఫలితం. మామూలు చర్మంలో బాహ్యచర్మం కింద నాలుగో రకం కొల్లాజెన్ ఆల్ఫా 5 గొలుసు గీతలా కనిపిస్తుంది. ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే ఆల్‌పోర్ట్ ఉన్న మగవారిలో చాలామందికి అది కనిపించదు. పాడైన యాంటీబాడీ వేసినా సరిగ్గా అలాగే కనిపించదు. అందుకే పక్క సెక్షన్ మీద అదే కొల్లాజెన్ ఆల్ఫా 1 గొలుసు యాంటీబాడీ వేసి అసలు పొర ఉందని చూడాలి, అదే రోజు ఆరోగ్యవంతుల చర్మాన్ని కూడా పక్కన పెట్టాలి. గీత వచ్చినంత మాత్రాన వ్యాధి లేదని రాయడానికి కూడా వీల్లేదు, దానికి జన్యు పరీక్ష కావాలి. వ్యాధి జన్యువును మోసే ఆడవారిలో ఆ గీత కొంత ఉండి, కొంత తెగి, మళ్ళీ మొదలవుతుంది. అలాంటి స్లైడు వస్తే రంగు సరిగా ఎక్కలేదని మళ్ళీ చేయబోకుండా, దాన్ని ఉన్నది ఉన్నట్టుగా పాథాలజీ నిపుణులకు చూపించండి.