కరోలాలో ‘మెయింట్ రిక్వైర్డ్’ లైటు: ఆర్పే ముందు ఏం చూసుకోవాలి?

అమెరికాలో 2012 టొయోటా కరోలా సెకండ్ హ్యాండ్‌లో కొన్నానని, డ్యాష్‌బోర్డు మీద ‘మెయింట్ రిక్వైర్డ్’ (సర్వీసు చేయించాలి) అని పసుపు అక్షరాలు వెలుగుతున్నాయని రాశారు. బండి పాడైందేమోనని కంగారు పడకండి. మైళ్లు లెక్కపెట్టడం తప్ప ఆ లైటుకు మరో పని రాదు. చివరిసారి రీసెట్ చేశాక, అంటే ఆ లెక్కను సున్నాకు తెచ్చాక, సుమారు 4,500 మైళ్లు దాటితే, బండి తీసినప్పుడల్లా కాసేపు మిణుకుమని ఊరుకుంటుంది. 5,000 దాటితే ఇక ఆరదు. ఆయిల్ నల్లబడిందా, అసలు ఉందా అన్నది దానికి తెలియదు. నిన్ననే ఆయిల్ మార్చినా, రీసెట్ చేయకపోతే వెలుగుతుంది. ఆయిల్ మార్చకుండా రీసెట్ చేసినా బుద్ధిగా ఆరిపోతుంది! సెకండ్ హ్యాండ్ బండితో చిక్కంతా ఈ రెండోదే.

నా కరోలాకు ఓసారి ఆయిల్ మార్చిన దుకాణంవాళ్లు ముందు అద్దం మూలన స్టిక్కరైతే అంటించారు గానీ లైటును రీసెట్ చేయలేదు. కొన్నాళ్లకే అది వెలిగింది. వేరే సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్ అంటూ చాంతాడంత జాబితా చేతిలో పెట్టారు. స్టిక్కరు మీద రాసిన మైళ్లు చూపించి, రీసెట్ చేస్తే చాలన్నాను. నిమిషంలో పనైపోయింది.

అందుకే మీరూ ముందు ఆ స్టిక్కరు వెతకండి. అది లేకపోతే, పాత యజమాని దగ్గర రసీదు లేకపోతే, మొహమాటపడకుండా ఆయిల్, ఫిల్టరు మార్పించేయండి. ఈలోగా బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి కొద్ది నిమిషాలాగి, పసుపు పిడి ఉన్న డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) బయటికి లాగండి. గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ తడి రెండు గుర్తుల మధ్య ఉండాలి. కింది గుర్తుకన్నా దిగువన ఉంటే ముందు ఆయిల్ పోయాలి, లైటు సంగతి తర్వాత.

మీ కారులో వాడే 0డబ్ల్యూ-20 రకం సింథటిక్ ఆయిల్‌ను 10,000 మైళ్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. లైటు మాత్రం 5,000కే వస్తుంది. అది టైర్ల రొటేషన్‌కు (టైర్ల స్థానాలు మార్చడానికి), మిగతా తనిఖీలకు. దుమ్ము రోడ్ల మీద తిరిగినా, గడ్డకట్టే చలిలో ఎప్పుడూ ఐదు మైళ్లలోపే తిప్పినా ఆయిల్ కూడా 5,000కే మార్చాలి.

ఇక రీసెట్. తాళంచెవి తిప్పి, మీటరులో ‘ట్రిప్ ఎ’ (ఒక్కో ప్రయాణం దూరం చూపే లెక్క) కనిపించేలా పెట్టండి. ఇంజిన్ ఆపేయండి. ట్రిప్ బటన్ నొక్కిపట్టుకునే తాళంచెవిని ‘ఆన్’ దాకా తిప్పండి, స్టార్ట్ చేయొద్దు. మీటరులో సున్నాలు వచ్చేదాకా వేలు తీయకూడదు. లైటు ఆరలేదంటే చాలావరకు వేలు ముందే తీసేసినట్టే, మళ్లీ మొదటినుంచి చేయండి.

ఇంజిన్ బొమ్మతో వెలిగే పసుపు లైటు వేరు. అది నిజంగానే ఏదో లోపం నమోదైతే వస్తుంది, స్కానరు పెట్టి కోడ్ చదివించాలి. నూనె డబ్బా బొమ్మతో ఎర్ర లైటు వెలిగితే ఇంటిదాకా వెళ్దామనుకోవద్దు. ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని దాని అర్థం. క్షేమంగా పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి.

మీ స్నేహితుడి హోండాలో శాతం ఎందుకు చూపిస్తుందనీ అడిగారు. అందులో బండి నడిచిన తీరును బట్టి ఆయిల్ ఆయుష్షును కంప్యూటర్ అంచనా కడుతుంది. 15 శాతానికి వచ్చేసరికి పానా బొమ్మ, దాని పక్కన కోడ్ కనిపిస్తాయి: ‘ఎ’ అంటే ఆయిల్, ‘బి’ అంటే ఆయిల్‌తో పాటు ఫిల్టరు, తనిఖీలు, ‘1’ అంటే టైర్ల రొటేషన్. రీసెట్ పద్ధతి కూడా వేరు కాబట్టి, ఆయన చెప్పిన బటన్లు మీ కరోలాలో నొక్కి లాభం లేదు.