7×57 చాలదనేవాళ్ల మాట వినొద్దు తమ్ముడూ

నువ్వడిగింది ఏమంటే, మాది పీలేరు, ఉద్యోగం మీద అమెరికాలో కొలరాడో వచ్చినా, ఆఫీసు ఫ్రెండ్స్‌తో ఎల్క్ (అక్కడి పెద్ద దుప్పి) వేటకి పోవాలనుంది, పాత 7×57 మౌజర్ (7 మి.మీ. గుండు, 57 మి.మీ. పొడుగు తూటా గొట్టం) రైఫిల్ ఒకటి తక్కువ ధరకి వస్తా ఉంది, అందరూ అది ముసలి క్యాలిబర్ (తూటా సైజు), ఎక్కువ మందు పట్టే మ్యాగ్నమ్ కొనుక్కోమంటా ఉన్నారు, తీసుకోవచ్చా, తీసుకుంటే ఎట్టా రెడీ చేసుకోవాల అని. తీసుకో. ఒక్కటి మటుకు ముందు చూసుకోవాల, అది కింద చెప్తా.

మాది భాకరాపేట పక్కన పల్లె, ఇప్పుడు తిరపతిలో ఉండాం. మా తాత దగ్గర .275 రిగ్బీ ఉన్నింది, లైసెన్సుదే. చానామందికి తెలీదు, .275 రిగ్బీ అన్నా 7×57 మౌజర్ అన్నా ఒకటే తూటా. 1892లో జర్మనీలో మౌజర్ తయారుచేసినాడు, 1907లో లండన్ రిగ్బీ కంపెనీ దానికి తన పేరు పెట్టుకునింది. మనుషుల్ని తినే చంపావత్ పులిని కొట్టినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కి లెఫ్టినెంట్ గవర్నర్ హ్యూయెట్ బహుమానంగా ఇచ్చింది గూడా ఈ .275నే. ఆఫ్రికాలో బెల్ అనే స్కాట్లండాయన వెయ్యికి పైగా ఏనుగుల్ని కొట్టినాడు, అందులో ఎక్కువ దీంతోనే. నిన్ను ఏనుగు మీదికి పొమ్మని కాదు, ఆ తూటా ఎంత లోతుకి పోతాదో తెలుసుకోమని చెప్తా ఉండా.

తాత కథ సరే, నేను కళ్లారా చూసింది చెప్తా. జొహానెస్‌బర్గ్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసినా. అక్కడ జూన్, జులై అంటే చలికాలం, అదే వేట సీజను. మా టీంలో ఒకాయన లింపోపో వైపు వాల్‌వాటర్ అనే ఊరి దగ్గరుండే వాళ్ల బంధువుల ఫారానికి తీసకపోయినాడు. ఫారం ఓనర్‌కి డెబ్బై దాటింటాయి, అందరూ ఊమ్ అని పిలుస్తారు, మనం పెద్దోళ్లని మామా అన్నట్టు. ఆయన దగ్గర వాళ్ల నాయన కాలం నాటి 7×57 ఉన్నింది, కట్టె నున్నగా అరిగిపోయి నల్లబడిపోయింది. నాకు మటుకు మా కొలీగ్ తన .300 మ్యాగ్నమ్ ఇచ్చినాడు, ఆయన పక్కనే ఉంటే నేను కాల్చచ్చు, అక్కడి చట్టం ఒప్పుకుంటాది.

కాగితం మీద మూడు తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. నాలుగో దానికి ట్రిగ్గర్ నొక్కక ముందే కళ్లు మూసుకుంటా ఉండా, ఆ సంగతి నాకే తెలీదు. సాయంత్రం ఒక మగ కుడూ (అక్కడి పెద్ద జింక జాతి) కనపడింది, మెలికలు తిరిగిన కొమ్ములు, రెండు క్వింటాళ్లకి పైనే ఉంటాది, నూటనలభై మీటర్ల దూరంలో పక్కకి తిరిగి నిలబడింది. కాల్చినా. వెనక్కి తగిలింది, పొట్టలో. అది ముళ్లపొదల్లోకి దూకేసింది. అడుగుజాడలు చూసే మనిషి ముందు, మేము వెనక. ఆకు మీద ఒక చుక్క నెత్తురు, పది అడుగుల తరవాత ఇంకో చుక్క, దాంట్లో పచ్చగా కడుపులోని గడ్డి. చీకటి పడిపోతే ఆపేసి మళ్లా తెల్లారి వెతికితే ఒక చెట్టు కింద పండుకోని ఉంది. బతికే ఉంది తమ్ముడూ. రాత్రంతా బతికే ఉంది. మమ్మల్ని చూసి చెవులు ఇట్టా తిప్పింది, లేవలేకపోయింది. ఊమ్ తన 7×57తో ఒక్క దెబ్బతో ముగించినాడు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ చెవులు ఈ రోజుకీ నాకు గుర్తొస్తా ఉంటాయి.

ఆ పొద్దు మధ్యాన్నం ఆయనే పిలిచి తన రైఫిల్ నా చేతికిచ్చినాడు. ఐదు తూటాలు కాల్చినా, కళ్లు మూసుకోలేదు, ఐదూ అరచెయ్యంత చోట్లో పడినాయి. మర్నాడు ఇంకో మగ కుడూ, నూటపది మీటర్లు, ఈసారి ముందుకాలు గీత వెంబడే పైకి వచ్చి ఒంట్లో కింద మూడో వంతు దగ్గర పెట్టి కాల్చినా. 175 గ్రెయిన్ల గుండు, అంటే పదకొండు గ్రాములు. నలభై అడుగులు పరిగెత్తి కూలిపోయింది, గుండు ఇవతల దూరి అవతల బయటికి పోయింది. ఊమ్ టోపీ తీసి దాని పక్కన కాసేపు ఊరికే నిలబడినాడు. దీనికి మ్యాగ్నమ్ కావాలనేవాళ్లు నా ఎదురుగా వచ్చి చెప్పమను.

ఇంక నీ రైఫిల్ సంగతి. రిసీవర్ (బ్యారెల్ బిగించే ఇనుప భాగం) 1893, 95 మోడలా, 98 మోడలా అనేది మొదట తేల్చుకోవాల. పాత వాటికి బోల్ట్ (తూటాని వెనకనించి మూసే కడ్డీ) ముందర రెండే లగ్గులు (బిగించి పట్టుకునే పళ్లు), 98కి వెనకాల సేఫ్టీకి మూడోది ఉంటాది. ఆ పాత రైఫిళ్లు పగలకూడదనే అమెరికా కంపెనీలు ఈ తూటాని మందు తగ్గించి మెత్తగా నింపుతాయి, లోపలి ఒత్తిడికి అక్కడి లిమిట్ 51,000 పీఎస్ఐ, యూరప్‌లో 56,000 దాటుతాది. నన్నడిగితే ఈ క్యాలిబర్‌కి చెడ్డపేరు రావడానికి అదొక్కటే కారణం. 1980లో 7ఎంఎం-08 అని కొత్త డబ్బాలో దాదాపు ఇదే శక్తిని అమ్మితే అందరూ ఎగబడి కొన్నారు గదా. నీది 93, 95 అయితే అమెరికా ఫ్యాక్టరీ తూటాలే వాడు, 98 అయితే యూరప్‌వి వాడచ్చు. ఏదైనా సరే గన్‌స్మిత్‌తో హెడ్‌స్పేస్ (బోల్ట్‌కీ తూటాకీ మధ్య సందు) చూపించకుండా ఒక్కటి గూడా కాల్చొద్దు.

స్కోప్ పెట్టాలంటే మిలిటరీ మౌజర్‌తో తంటా ఉంటాది, బోల్ట్ చెయ్యి నిటారుగా ఉంటే ఎత్తేటప్పుడు స్కోప్‌కి కొట్టుకుంటాది, పైన రెక్కలాగా తిరిగే సేఫ్టీ గూడా అడ్డమే. చెయ్యి వంచించి సేఫ్టీ మార్పించాల, రిసీవర్‌కి బెజ్జాలు వేయించాల. ఆ ఖర్చు కలుపుకోని బేరం చెయ్. 4 పవర్ స్కోప్ చాలు, 24 పవర్‌లు తగిలించుకోని దగ్గర్లో ఉన్న జంతువుని కనుక్కోలేక తిప్పలు పడినోళ్లని చూసినా.

గుండు విషయంలో పీనాసితనం వద్దు. మగ ఎల్క్ మూడు క్వింటాళ్లు దాటుతాది, కుడూ కన్నా పెద్దది. 160 నించి 175 గ్రెయిన్లు, లోపల సీసం చెదిరిపోకుండా కట్టుగా ఉండే రకం తీసుకో. పాత బ్యారెల్ గాడి 22 సెంటీమీటర్లకి ఒక చుట్టు తిరుగుతాది, పొడుగు గుండ్ల కోసమే అట్టా చేసినారు, ఎడాపెడా తేలిక గుండ్లు పెట్టి గురి కుదర్లేదని ఏడవద్దు. దగ్గర్లో కాకుండా కొంచెం దూరం పోయే డీర్‌కైతే 140 గ్రెయిన్లు, వంద గజాల దగ్గర రెండు ఇంచీలు పైన పడేట్టు పెట్టుకుంటే రెండొందల దగ్గర సరిగ్గా కూర్చుంటాది, మూడొందలకి ఎనిమిది ఇంచీలు కిందికి పోతాది. ఎల్క్ మీద రెండొందల గజాలు దాటితే కాల్చొద్దు, నడిచి దగ్గరికి పో.

కాగితాల సంగతి మర్చిపోవద్దు. హెచ్‌1బీ మీద ఉంటే అక్కడి చట్టం ప్రకారం తుపాకి దగ్గర పెట్టుకోకూడదు, హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. కొలరాడోలో దానికి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాల.

మా తాత రైఫిల్ గురించి ఇంత చెప్పి ఇది చెప్పకపోతే మనసొప్పదు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినాక తాత దాన్ని అడవికి తీసకపోలేదు, ఆయుధపూజకి తుడిచి నూనె రాసి కుంకం పెట్టేవాడు, అంతే. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషన్లో అప్పగించాల. ఒకసారి తీసుకొచ్చి చూస్తే బ్యారెల్ లోపల తుప్పు, వందేళ్ల పనితనాన్ని తడిగోడకి ఆనించి పెట్టింటారు. తాత దాన్ని వొళ్లో పెట్టుకోని ఆ రాత్రంతా గుడ్డతో రుద్దుతానే ఉన్నాడు. .315కైతే మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ తూటాలు ఉంటాయి, .275 తూటా డీలర్ దగ్గర చూసి ఎన్నేళ్లయిందో. తుపాకి చేతిలో ఉన్నోడు చట్టానికి కట్టుబడి మూల పెడితే, మా పల్లె చుట్టూ చెనిక్కాయ చేలల్లో పందుల కోసం దొంగ కరెంటు తీగలు పెట్టేవాళ్లకి మటుకు అడ్డం లేదు, ఆ తీగలకి ఎద్దులు పోతా ఉండాయి, మనుషులు పోతా ఉండారు.

నీ రైఫిల్ రిసీవర్ మీద ఏం ముద్ర కొట్టిందో, బోల్ట్ బయటికి తీసి లగ్గులు కనపడేట్టు ఒకటి, రెండు ఫోటోలు పెట్టు, చూసి ఏ మోడలో చెప్తా. అంతవరకు అడ్వాన్స్ ఇవ్వొద్దు.